7,136 కోట్ల క్షమాపణ

2009 జనవరి 7, బుధవారం. అమీర్‌పేట మైత్రీవనం స్టాపులో బస్సు దిగారు మీరు. రెండడుగులు వేసేలోపే చేతిలో మూడు కరపత్రాలు పడ్డాయి: కోర్ జావా, టెస్టింగ్ టూల్స్, శాప్. వద్దని చెయ్యి వెనక్కి లాక్కుంటే భుజాన ఉన్న బ్యాగులో కుక్కి పోతారు. హుడా కట్టించిన ఈ భవనం గోడలు ఏ రంగులో ఉంటాయో చూసినవాళ్లు తక్కువ. అంతా బ్యానర్లే. ఇన్‌స్టిట్యూట్ పేరు చిన్నగా, పాఠం చెప్పే సారు పేరు పెద్దగా, ‘డెమో ఫ్రీ’ అన్న మాట అంతకన్నా పెద్దగా. పొద్దుటి బ్యాచ్ వదిలారు. తర్వాతి బ్యాచ్ వాళ్లు లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక మెట్లెక్కుతున్నారు. ఎస్సార్ నగర్, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ హాస్టళ్ల నుంచి తడి తలతో వచ్చినవాళ్లు టిఫిన్ బండి దగ్గర నిలబడే ఇడ్లీ ముగిస్తున్నారు.

వాళ్ల మాటలు కాస్త వినండి. ‘డేట్ ఏమన్నా వచ్చిందా?’ అని ఒకడు, ‘ఏప్రిల్ అంటున్నార్రా’ అని ఇంకొకడు. ఆఫర్ లెటర్ ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది. ఉద్యోగంలో చేరే తేదీ మాత్రం రాలేదు. నాలుగు నెలల కిందట అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలితే ఆ దుమ్ము అమీర్‌పేట దాకా వచ్చింది. ఖాళీగా ఊళ్లో కూర్చుంటే నలుగురూ అడుగుతారని, ఇంకో కోర్సు పేరు చెప్పి ఇక్కడే ఉండిపోయినవాళ్లు వీళ్లు.

మూడు వారాలుగా వీళ్ల నోట ఇంకో పేరు నలుగుతోంది. డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ తమ ఛైర్మన్ కొడుకుల కంపెనీలైన మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్‌లను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపరులు భగ్గుమంటే తెల్లారేలోపు వద్దనుకుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో ఇళ్ల స్థలాల కంపెనీని ఎందుకు కొనాలో ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యే రోజు ఇదే.

పదకొండు గంటల ప్రాంతం. సెల్‌ఫోన్ల షాపులో గోడకు పెట్టిన టీవీ ముందు జనం మూగారు. ఎర్ర పట్టీ మీద తెల్ల అక్షరాలు పరుగెడుతున్నాయి. సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాజీనామా. ఆ తర్వాతి లైను చదివి ముందున్నవాడు ‘తప్పు వేసినట్టున్నార్రా, సున్నాలు ఎక్కువ పడ్డాయి’ అన్నాడు. సున్నాలు సరిగ్గానే ఉన్నాయి.

టిఫిన్ బండి ఆమె గరిటె పట్టుకునే వచ్చింది. ‘108 పెట్టినాయనేనా?’ అని అడిగింది. అవును, ఆయనే. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్సుల వెనక ఉన్నది ఆయన స్థాపించిన సంస్థే. ‘ఆయన అట్ట చెయ్యడులే’ అని ఆమె వెళ్లిపోయింది. ఆ రోజు ఆంధ్రదేశంలో ఈ మాట అన్నది ఆమె ఒక్కతే అయి ఉండదు. భీమవరం వైపు నుంచి వచ్చి, ఒహాయోలో ఎంబీఏ చదివి, 1987లో మొదలుపెట్టిన కంపెనీని 53 వేల ఉద్యోగుల దాకా తెచ్చి, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి బోర్డెక్కించిన మనిషి. కంపెనీని నీతిగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు.

ఇంటర్నెట్ సెంటర్‌లోకి రండి. రామలింగరాజు రాజీనామా ఉత్తరం అప్పటికే వెబ్‌సైట్లలో ఉంది. ఒక కంప్యూటర్ ముందు ఆరుగురు. కుర్చీలో ఉన్నవాడు ఇంగ్లిష్‌లో చదువుతుంటే వెనక నిలబడ్డవాడు తెలుగులో చెబుతున్నాడు. డైరెక్టర్ల బోర్డుకు రాసిన ఉత్తరం, నకళ్లు సెబీ ఛైర్మన్‌కి, స్టాక్ ఎక్స్ఛేంజీలకి. మనస్సాక్షి మీద మోయలేని బరువుంది అని మొదలై, వెంటనే లెక్కల్లోకి దిగింది. 2008 సెప్టెంబర్ 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్లని పద్దుల్లో ఉంది. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. రావలసి ఉందన్న వడ్డీ 376 కోట్లు, అదీ లేదు. తాను సమకూర్చిన 1,230 కోట్ల అప్పు ఎక్కడా చూపలేదు. ఖాతాదారుల నుంచి రావలసింది 490 కోట్లు ఎక్కువ చేసి రాశారు.

బీకాం చదివి ట్యాలీ నేర్చుకుంటున్న కుర్రాడు సెల్‌ఫోన్‌లోనే కూడేశాడు. ‘ఏడు వేల నూట ముప్పై ఆరు.’

సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలల అమ్మకాల లెక్క ఇంకా విచిత్రం. చూపింది 2,700 కోట్లు, నిజంగా వచ్చింది 2,112 కోట్లు. లాభం 649 కోట్లు, అంటే వందకు 24 రూపాయలని ప్రకటించారు. నిజానికి మిగిలింది 61 కోట్లు, వందకు మూడు. మొదట్లో నిజానికీ పద్దుకూ తేడా చిన్నదేనని, ఏడాదికేడాది పెరుగుతూ పోయిందని రాశారు. కంపెనీలో తమ వాటా తక్కువ కాబట్టి లాభాలు తగ్గితే ఎవరైనా కంపెనీని కొనేస్తారనీ, అప్పుడు ఆ తేడా బయటపడుతుందనీ భయపడ్డారట. పులి మీద స్వారీ, తినిపించుకోకుండా దిగడం ఎలాగో తెలియలేదు అన్న మాట ఇక్కడే వస్తుంది. మేటాస్ కొనుగోలు సంగతీ ఇక్కడే తేలింది. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నం అది.

‘సారీ ఎక్కడరా?’ అన్నాడు వెనక నుంచి ఒకడు. కుర్చీలోని కుర్రాడు మౌస్ చక్రం తిప్పుతూ, తిప్పుతూ పోయాడు. దాదాపు చివర్లో ఉంది, ఒకే వాక్యం. సత్యం ఉద్యోగులకూ, కంపెనీతో ప్రయోజనాలు ముడిపడినవాళ్లకూ మనఃపూర్వకంగా క్షమాపణ. ఆ తర్వాత చట్టానికి లోబడి ఉంటానని, వచ్చే ఫలితాన్ని అనుభవిస్తానని.

ఉత్తరంలో అంత చోటు ఉండి క్షమాపణకు దక్కింది ఆ ఒక్క వాక్యమే. ఆ వాక్యాన్ని నేను తక్కువ చేసి చూడను. మన పెద్దమనుషుల క్షమాపణలు చాలావరకు ‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే’ అని మొదలవుతాయి. ఏం చేశారో ఉండదు, ఎంత నష్టమో ఉండదు, తప్పంతా నొచ్చుకున్నవాడి మెత్తదనం మీదికి పోతుంది. ఇక్కడ మాత్రం ఏ పద్దులో ఎంత అబద్ధమో కోట్లలో ఉంది. మన దగ్గర ఇంత కచ్చితంగా లెక్క చెప్పిన బహిరంగ క్షమాపణ ఇంకొకటి నేను చదవలేదు. కానీ అదే ఉత్తరంలో ఇంకో మాటా ఉంది: నేను గానీ, మేనేజింగ్ డైరెక్టర్ గానీ ఇందులో ఒక్క రూపాయి తీసుకోలేదు. మేనేజింగ్ డైరెక్టర్ అంటే సొంత తమ్ముడు రామరాజు. తప్పు ఒప్పుకుంటున్న చేత్తోనే తనకు మంచి సర్టిఫికెట్ రాసుకోవడం అది. 2014 జులైలో సెబీ ఆ మాటను నమ్మలేదు. అక్రమంగా వచ్చిన లాభం 1,849 కోట్లు వడ్డీతో కక్కమని ఆదేశించింది. ఆ మొత్తం మీద అప్పీళ్లు ఏళ్ల తరబడి నడిచాయి.

ఇక చాయ్ బండి దగ్గరికి. పత్రికలవాళ్లకు, టీవీలవాళ్లకు ఆ పూట దొరకని వ్యాఖ్యానం ఇక్కడ నడుస్తోంది.

‘మనం రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెడితే ఫేకు. ఈయన పెట్టిందేంది మామా?’

‘ఫేకే. కాకపోతే ఆడిట్ అయిన ఫేకు.’

అందరూ నవ్వారు. అమీర్‌పేటకు ఈ ఉత్తరం అందరికన్నా ముందు అర్థమైందంటే అందుకు కారణం ఉంది. ఈ వీధుల్లో పాఠాలతో పాటు అనుభవమూ అమ్ముతారని తెలియనివారు లేరు. లేని కంపెనీలో రెండేళ్లు చేసినట్టు లెటరు ఇస్తారు. లెటరుంటే చాలదు, జీతం స్లిప్పులు కావాలి. స్లిప్పులుంటే బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. అదీ పుట్టిస్తే, ఫోన్ చేస్తే మాట్లాడే మేనేజరు కావాలి. ఒక కాగితాన్ని నిలబెట్టడానికి ఇంకో కాగితం. లేని 5,040 కోట్లకు బ్యాంకు పత్రాలు ఎలా పుట్టి ఉంటాయో ఈ చాయ్ బండి దగ్గరివాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

పంజాగుట్ట వైపు నడవండి. షేర్ బ్రోకర్ ఆఫీసులో ఖాళీ కుర్చీ లేదు. నిన్న 179 దగ్గర ముగిసిన సత్యం షేరు ఇవాళ 40కి దిగువకు చేరింది. సెన్సెక్స్ 749 పాయింట్లు పడింది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు పెట్టిన పెద్దాయన ఒకరు తెర వైపు చూడడం మానేసి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఉత్తరంలో ‘ప్రయోజనాలు ముడిపడినవాళ్లు’ అన్నది ఈయన్నే. రేపు మొహర్రం, మార్కెట్‌కు సెలవు. అమ్ముకోవాలన్నా ఎల్లుండి దాకా ఆగాలి.

వెనక్కి వస్తూ ఒకసారి తలెత్తి చూడండి. ఇప్పుడు ఆకాశం ఖాళీగా ఉంది. మెట్రో పిల్లర్లు లేవు, రెండు లైన్లు కలిసే ఆ పెద్ద స్టేషనూ లేదు. 2008లో ఆ మెట్రో కట్టే కాంట్రాక్టు దక్కింది మేటాస్ కూటమికే. ప్రభుత్వం నుంచి సాయం తీసుకోవడానికి బదులు తామే 30,311 కోట్లు ఎదురిస్తామన్న టెండర్ అది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఆ సెప్టెంబర్‌లో ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఈ బేరం వెనక భూముల ఆలోచన ఉన్నట్టుందనీ, రేపు పెద్ద కుంభకోణమయ్యే ప్రమాదం ఉందనీ. రాష్ట్ర ప్రభుత్వానికి కోపం వచ్చింది. మాట వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది. నాలుగు నెలలు తిరక్కుండా క్షమాపణ వచ్చింది, కాకపోతే వేరే వైపు నుంచి. 2009 జులైలో ఆ కాంట్రాక్టు రద్దయింది. ఇక్కడ రైలు తిరగడానికి 2017 నవంబర్ దాకా పట్టింది.

ఉత్తరం తర్వాత జరిగినవి మీకు తెలిసినవే. జనవరి 9వ తేదీ రాత్రి అన్నదమ్ముల అరెస్టు, చంచల్‌గూడ జైలు, కేంద్రం నియమించిన కొత్త బోర్డు, ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా చేతికి కంపెనీ, 2015 ఏప్రిల్ 9న ఏడేళ్ల శిక్ష, నెల తర్వాత బెయిలు. న్యూయార్క్‌లో మదుపరులను ముంచినందుకు 2009 జూన్ 29న బెర్నార్డ్ మేడాఫ్‌కు 150 ఏళ్ల శిక్ష పడింది. ఆ రోజు కోర్టులో ఆయన వెనక్కి తిరిగి, తన వల్ల నష్టపోయినవాళ్ల ముఖాలు చూస్తూ క్షమాపణ చెప్పాడు. పంజాగుట్టలో చెప్పులు వెతుక్కున్న పెద్దాయనకు అలాంటి అవకాశం రాలేదు.

మైత్రీవనం దగ్గరి సత్యం థియేటర్‌కూ ఈ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు. ఉత్తరం బయటపడ్డ రోజు టీవీ చూసి థియేటర్ మూసేస్తారేమో అనుకున్నవాళ్లు ఉన్నారంటే నమ్ముతాను. ఆ థియేటర్‌ను తర్వాత పడగొట్టారు. అదే చోట 2023 జూన్‌లో అల్లు అర్జున్ భాగస్వామిగా ఏఏఏ సినిమాస్ తెరిచారు. 2024 డిసెంబర్ 14 ఉదయం ఆ మాల్ మెట్ల మీద కుర్రాళ్లు ఫోన్లలో చూస్తున్నది ఆ హీరోనే. సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ కేసులో రాత్రంతా చంచల్‌గూడలో ఉండి వచ్చిన మనిషి ఆ కుటుంబానికి సారీ చెప్పాడు. వెంటనే, అది అనుకోకుండా జరిగింది, తన చేతిలో లేనిది అనీ అన్నాడు. కేసు నడుస్తున్నవాడు చెప్పే క్షమాపణను ముందు వకీలు చదువుతాడు కాబట్టి ఆ రెండో మాట తప్పదు. రాజుగారి ఉత్తరాన్ని ఏ వకీలైనా చదివి ఉంటే అన్ని అంకెలు మిగిలేవి కావని నా అనుమానం.

సరే, మళ్లీ 2009లోకి. సాయంత్రం ఆరున్నర. జెరాక్స్ షాపు. మెటీరియల్ బుక్కులు బైండింగ్ చేస్తున్న కుర్రాడి ముందు ఒకాయన పెన్‌డ్రైవ్ పెట్టాడు. మెడలో పట్టీ ఉంది, ఐడీ కార్డు మాత్రం చొక్కా జేబులోకి దోపుకున్నాడు. మాదాపూర్ వైపు నుంచి బండి మీద వచ్చినట్టుంది, హెల్మెట్ తీయలేదు. కుర్రాడు ఫైలు తెరిచాడు. రెజ్యూమె. మొదటి పేజీలో కంపెనీ పేరు చూసి తల తిప్పాడు.

‘సార్, ప్రెజెంట్ కంపెనీ ఉంచాల్నా, మార్చాల్నా?’

ఈ షాపులో రోజూ ఆ లైను మార్పించుకునేవాళ్లే ఎక్కువ. లేని కంపెనీ పెట్టమంటారు. ఉన్న కంపెనీ తీసేయాలా అని అడగాల్సి రావడం ఆ కుర్రాడికీ కొత్తే.

‘మారిస్తే ఈ నాలుగేళ్లు ఏం చేశానని చెప్పాలయ్యా?’ అన్నాడాయన. ‘ఉంచు. పది కాపీలు తియ్యి.’