ఫతే మైదాన్ చుట్టూ ఆడపిల్లల బడులు

నాంపల్లి స్టేషన్లో దిగి ఆబిడ్స్ వైపు నడక మొదలుపెడితే, చాపెల్ రోడ్డు, గన్‌ఫౌండ్రీ మీదుగా ఎల్బీ స్టేడియం గేటు చేరడానికి అరగంట చాలు. ఆ చుట్టుపక్కల ఎన్ని ఆడపిల్లల బడులు ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నాంపల్లి బాలికల పాఠశాల, చాపెల్ రోడ్డులో స్టాన్లీ, గన్‌ఫౌండ్రీలో రోజరీ కాన్వెంట్, అక్కడే 1907లో పెట్టిన మహబూబియా. ఇప్పుడు కోఠిలో ఉన్న విమెన్స్ కాలేజీ కూడా 1924లో మొదలైంది నాంపల్లిలోనే. హైదరాబాద్‌లో ఆడపిల్లల చదువు నడక నేర్చుకున్నది ఈ రెండు మూడు కిలోమీటర్ల మేరలో.

హైదరాబాద్ ఫుట్‌బాల్ నడక నేర్చుకున్నదీ ఇక్కడే. ఎల్బీ స్టేడియం అసలు పేరు ఫతే మైదాన్. 1687లో గోల్కొండని ముట్టడించిన మొగలు సైన్యం ఇక్కడ డేరాలు వేసిందనీ, గెలిచాక ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినా పెద్దవాళ్ళ నోట ఇంకా ఫతే మైదానే. పాత హైదరాబాదీ ఎవర్నైనా కదిపి చూడండి, కథ రహీం సాబ్‌తోనే మొదలవుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడిపంతులు. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ వెళ్ళిన జట్టులో పీటర్ తంగరాజ్, అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం... సగం హైదరాబాదే వెళ్ళినట్టుంటుంది.

ఈ కథ నేను చాలాసార్లు, చాలామంది నోట విన్నాను. చాలా బాగుంటుంది. కానీ ఒక్కసారి కూడా ఇందులో ఒక అమ్మాయి కనపడదు. ఆడినట్టు కాదు సరికదా, గోడ అవతలి నుంచి చూసినట్టు కూడా ఉండదు. మైదానానికి చుట్టూతా అమ్మాయిల బడులే ఉన్న ఊళ్ళో ఇది కాస్త విచిత్రం కాదూ?

ఈ ప్రశ్న నాకు మొదట తోచింది 2022 అక్టోబరులో. ఆ నెల మన దేశంలో ఫిఫా అండర్-17 మహిళల ప్రపంచకప్ జరిగింది. జరిగిందని మీలో ఎంతమందికి గుర్తుందో తెలీదు. మగపిల్లల ప్రపంచ టోర్నీని ఫిఫా 1985లో మొదలుపెట్టింది. అదే వయసు ఆడపిల్లల టోర్నీకి 2008 దాకా ఆగాల్సి వచ్చింది, న్యూజిలాండ్‌లో. ఇరవైమూడేళ్ళ తేడా. దాన్ని పెద్దగా తప్పుపట్టలేం అనిపిస్తుంది వెనక చరిత్ర చూస్తే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 1921 డిసెంబరులో తన మైదానాల్లో ఆడవాళ్ళ ఆటని నిషేధించి దాదాపు యాభై ఏళ్ళు అలాగే ఉంచింది. పశ్చిమ జర్మనీ 1955 నుంచి 1970 దాకా నిషేధించింది. ఫుట్‌బాలే మతం అనుకునే బ్రెజిల్ 1941లో ఏకంగా చట్టమే చేసి 1979 దాకా తీయలేదు. మన దగ్గర అలాంటి నిషేధాలేమీ లేవు. మనకి వాటి అవసరం రాలేదు, అంతే.

భారత్‌కి ఈ టోర్నీ నిజానికి 2020లో రావాలి. కోవిడ్ వల్ల 2021కి వాయిదా పడింది, తర్వాత రద్దయింది, బదులుగా 2022 టోర్నీ ఇచ్చారు. ఆ లోపు వయసు దాటిపోయిన అమ్మాయిల సంగతి ఎవరూ మాట్లాడలేదు. పదిహేడేళ్ళ లోపు ఆటలో రెండేళ్ళ వాయిదా అంటే వాయిదా కాదు, ఒక తరం మొత్తం పక్కకి తప్పుకోవడం. సరే, 2022 వచ్చింది. జులై మొదట్లో యూరప్ పర్యటనలో ఉన్న జట్టు సహాయ కోచ్‌ని లైంగిక దుష్ప్రవర్తన ఫిర్యాదు మీద తొలగించారు. ఆగస్టు నడిమధ్యలో, పాలకవర్గం గొడవల కారణంగా ఫిఫా మన ఫెడరేషన్నే సస్పెండ్ చేసింది. టోర్నీ పోయినట్టే అనుకున్నారు. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు. మొదటి మ్యాచ్‌కి అప్పటికి నెలన్నరే ఉంది. పెద్దవాళ్ళు చేసిన వాటికి పిల్లలు బిక్కుబిక్కుమంటూ కూర్చోవడం అంటే ఇదే.

వేదికలు భువనేశ్వర్, మడ్గావ్, నవీ ముంబై. రద్దయిన పాత జాబితాలో అహ్మదాబాద్, గువాహటి, కోల్‌కతా కూడా ఉన్నాయి. 2017లో మగపిల్లల అండర్-17 ప్రపంచకప్ ఆరు ఊళ్ళలో జరిగింది. వీటిలో దేన్లోనూ హైదరాబాద్ లేదు. మెల్‌బోర్న్‌కి సగం జట్టుని పంపిన ఊరికి ప్రపంచకప్ మ్యాచ్ ఒక్కటి కూడా రాలేదు. ఒడిశా హాకీకి, ఫుట్‌బాల్‌కి స్టేడియం కట్టుకుంది, అడిగింది, తెచ్చుకుంది. మన ఫతే మైదాన్ ఈమధ్య ఎక్కువగా వార్తల్లోకి వచ్చేది ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలకి, ప్రభుత్వ విందులకి.

అక్టోబరు 11, భువనేశ్వర్ కళింగ స్టేడియం. భారత్, అమెరికా. 0-8.

అలాంటి స్కోరు చూశాక ఫోన్లో ఏం వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. మూడు మ్యాచ్‌లు, పదహారు గోల్స్ ఇచ్చారు, ఒక్కటీ కొట్టలేదు. కోచ్ తక్కువవాడు కాదు, స్వీడన్ మహిళల జట్టుని 2011 ప్రపంచకప్‌లో మూడో స్థానానికి తెచ్చిన థామస్ డెనర్‌బీ. కెప్టెన్ అస్తం ఉరావ్‌ది ఝార్ఖండ్ గుమ్లా జిల్లాలో చిన్న పల్లె. కూతురు ప్రపంచకప్‌కి కెప్టెన్ అయిందని జిల్లా అధికారులు వాళ్ళ ఇంటికి రోడ్డు వేయించడం మొదలుపెడితే, ఆ రోడ్డు పనిలోనే అమ్మానాన్నలు కూలికి వెళ్ళారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. జట్టులో ఆరుగురు ఝార్ఖండ్ అమ్మాయిలు. మిగతావాళ్ళలో మణిపూర్ వాళ్ళు ఎక్కువ. హైదరాబాద్ అమ్మాయి లేదు.

మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆడవాళ్ళ ఫుట్‌బాల్ అంటే 2019లో వచ్చిన విజయ్ డబ్బింగ్ సినిమా ‘విజిల్’. అందులో కోచ్ వస్తాడు, సినిమా ముగిసేలోపు అమ్మాయిలు గెలుస్తారు. రహీం సాబ్ మీద ‘మైదాన్’ సినిమా కూడా వచ్చింది, 2024లో. నాకు అందులో అన్నిటికన్నా విలువైన విషయం గెలుపు కాదు, ఓటమి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఇదే రహీం సాబ్ జట్టు యుగోస్లావియా చేతిలో ఎంతకి ఓడిందో తెలుసా? 1-10. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఒక్క గోల్ కొట్టింది అహ్మద్ ఖాన్. డెబ్బై ఏళ్ళకు పైగా క్రితం కాదు, నిన్న మొన్న జరిగుంటే ఆ స్కోరు మీద ఎన్ని మీమ్స్ వచ్చేవో!

కానీ 1952 తర్వాత రహీం సాబ్‌ని ఇంటికి పంపలేదు. బూట్లు తప్పనిసరి చేశారు. ఆయన కుర్రాళ్ళకి డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, బలం లేని కాలితోనే తన్నే పోటీలు పెట్టేవాడు. చేతిలో సిటీ పోలీస్ ఉంది, లీగ్ ఉంది, ఏడాది పొడుగునా మ్యాచ్‌లు ఉన్నాయి. నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్ సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. మొదటి గోల్ మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 1-4తో ఓడాం. పది నుంచి నాలుగుకి. నన్నడిగితే హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రంతా ఆ రెండు స్కోర్ల మధ్య ఉన్న నాలుగేళ్ళలోనే ఉంది. 1-10 తిన్నవాళ్ళకి ఆ నాలుగేళ్ళు దొరికాయి, మగవాళ్ళు కాబట్టి దొరికాయి అని కూడా అనుకోవచ్చు.

ఎందుకంటే మన ఆడవాళ్ళకి అంతకు ముందే ఒకసారి మంచి రోజులు వచ్చి, చేతిలోంచి జారిపోయాయి. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కి విడిగా ఒక ఫెడరేషన్ పెట్టుకున్నారు. 1980 జనవరిలో కాలికట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగితే ఇండియా రెండు జట్లని దింపింది, ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. దక్షిణ జట్టు ఫైనల్ దాకా వెళ్ళి తైవాన్ చేతిలో 0-2తో ఓడింది. 1983లో మళ్ళీ ఆసియాలో రెండో స్థానం. అదే ఏడాది శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు, మహిళా ఫుట్‌బాలర్‌కి మొదటిసారి. ఆ తర్వాత? మహిళల ఆట పెద్ద ఫెడరేషన్ గొడుగు కిందికి వెళ్ళింది, గొడుగు మాత్రం వాళ్ళ మీద పట్టలేదు. ఇంకో ఫుట్‌బాలర్‌కి అర్జున దక్కడానికి, అంటే మణిపూర్ బెంబెం దేవికి, 2017 దాకా పట్టింది.

ఇంక మొరాకో సంగతి. 2022లో మనల్ని 3-0తో ఓడించిన ఆ జట్టుకీ అదే మొదటి ప్రపంచకప్. అదే ఏడాది వాళ్ళ పెద్దల జట్టు ఆఫ్రికా కప్ ఫైనల్ ఆడింది. అండర్-17 మహిళల ప్రపంచకప్ 2025 నుంచి ఏటా జరుగుతోంది, వరసగా ఐదేళ్ళు ఆతిథ్యం మొరాకోదే. కప్పు వాళ్ళకి పండగలా వచ్చి వెళ్ళలేదు, ఇంట్లో మనిషి అయింది. మన దగ్గర స్పెయిన్ నవీ ముంబైలో కొలంబియాని 1-0తో ఓడించి కప్పు తీసుకెళ్ళింది. అదీ సెల్ఫ్ గోల్‌తో.

అయితే తెలుగు నేల మీద ఏమీ జరగలేదా అంటే జరిగింది, కానీ ఫతే మైదాన్‌కి చాలా దూరంగా. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి గుగులోత్ సౌమ్య వచ్చింది. లంబాడా అమ్మాయి. జూనియర్ జట్ల మీదుగా ఇండియా సీనియర్ జట్టుకి, అక్కడి నుంచి 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కి వెళ్ళింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది, ఆ సీజన్‌కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెదే. నిఖత్ జరీన్‌దీ నిజామాబాదే కదా, ఆ ఊళ్ళో ఏం నీళ్ళు ఉన్నాయో! రాజధానిలో నూరేళ్ళ పైబడిన బడులున్న చోట దొరకని దారి తండాలో ఎలా దొరికింది అనేది ఎవరైనా కూర్చుని రాయాల్సిన పుస్తకం.

భువనేశ్వర్‌లో 0-8 తిన్న అమ్మాయిల్లో కొందరు మాత్రం ఆట వదల్లేదు. 2025 ఆగస్టులో యాంగోన్‌లో ఇండియా అండర్-20 జట్టు మయన్మార్‌ని 1-0తో ఓడించి, ఇరవయ్యేళ్ళ తర్వాత ఆసియా కప్‌కి అర్హత సంపాదించింది. గోల్ కొట్టింది పూజ. గోల్ ముందు నిలబడింది మోనాలిసా దేవి, 2022 జట్టులోని అమ్మాయే. రెండు నెలల తర్వాత బిష్కెక్‌లో అండర్-17 అమ్మాయిలు ఉజ్బెకిస్తాన్ మీద ఒక గోల్ వెనకబడి, రెండు కొట్టి, వాళ్ళూ ఆసియా కప్‌కి వెళ్ళారు. ఆ మ్యాచ్ రోజు సాయంత్రం ఆబిడ్స్‌లో దీపావళి షాపింగ్ రద్దీ. గన్‌ఫౌండ్రీలో బడులు వదిలే వేళకి మహబూబియా ముందు ఆటోలు, స్టేడియం గోడ పక్కన ఎప్పటిలాగే క్రికెట్ బ్యాట్లు అమ్మే దుకాణాలు.