ఏరోట్రోపొలిస్: శంషాబాద్ నేపథ్యంలో ఒక పదచరిత్ర

2008 మార్చిలో శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. దాని పరిసర భూముల అభివృద్ధి ప్రణాళికలతో ‘ఏరోట్రోపొలిస్’ అనే ఆంగ్లపదం ఈ ప్రాంతానికి చేరింది.

1939లో న్యూయార్కు చిత్రకారుడు నికోలస్ డిశాంటిస్ ఊహించిన, పైకప్పుపై విమానాలు దిగే ఆకాశహర్మ్యానికి ఈ పేరు వాడారు. 2000లో అమెరికన్ ఆచార్యుడు జాన్ కసార్డా దీనిని విమానాశ్రయం కేంద్రంగా విస్తరించే నగరప్రాంతానికి అన్వయించాడు.

గ్రీకులో ‘ఏర్’ గాలి, ‘పొలిస్’ నగరం. నడుమనున్న ‘ట్రో’ ‘మెట్రోపొలిస్’ నుండి మిగిలిన శకలం. మెట్రోపొలిస్ అంటే మాతృనగరం, అనగా వలస వెళ్ళినవారు విడిచివచ్చిన మూలనగరం. కొత్త పదంలో తల్లిని సూచించే భాగం ఖండితమై అర్థం కోల్పోయింది.

శంషాబాద్ పేరులోని ‘షమ్స్’కు అరబ్బీలో సూర్యుడని అర్థం, పైగా ప్రభువుల ‘షమ్స్-ఉల్-ఉమ్రా’ బిరుదులోనూ ఇదే పదముంది. పారశీక ‘ఆబాద్’ జనావాసాన్ని, సాగునేలను తెలుపుతుంది. తెలంగాణ రెవెన్యూ వాడుకలో గ్రామ నివాసస్థలం నేటికీ ‘ఆబాదీ’యే. పాత పేరు నేలను అక్కడ నివసించేవారితో గుర్తిస్తే, కొత్త పేరు విమానాశ్రయంతో గుర్తిస్తుంది. ‘విమాననగరం’ అన్న అనువాదంతో సరిపెట్టుకుంటే ఈ భేదం మరుగున పడుతుంది. కావున ఈ ప్రాంత చరిత్రకారులు రెండు పదాలనూ కలిపి పరిశీలించాలి.