కొడవలి కణాన్ని పట్టుకున్న దారి

1904లో షికాగోలో దంతవైద్యం చదువుతున్న ఇరవై ఏళ్ల నల్లజాతి యువకుడొకడు ఆసుపత్రిలో చేరాడు. గ్రెనడా దీవికి చెందిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అతను. అతని రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన ఎర్నెస్ట్ ఐరన్స్ అనే ఇంటర్న్‌కు కొడవళ్లలా వంగిన ఎర్ర కణాలు కనిపించాయి. ఐరన్స్ పై వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఆ సంగతి అచ్చు వేయించాడు. ఆ వ్యాసంలో నోయెల్ పేరు లేదు. రక్తం అతనిది, పేరు హెరిక్‌ది.

1917లో విక్టర్ ఎమ్మెల్ రక్తపు చుక్కను గాలి తగలకుండా మూసి ఉంచి చూశాడు. రోగి కణాలు వంగాయి. ఏ జబ్బూ లేని ఆమె తండ్రి కణాలూ వంగాయి! ఆక్సిజన్ తగ్గితే కణం వంగుతుందని పదేళ్ల తర్వాత తేలింది. కానీ ఆ తండ్రి సంగతేమిటి?

జవాబు 1949లో వచ్చింది. లైనస్ పౌలింగ్, హార్వే ఇటానో బృందం హిమోగ్లోబిన్‌ను విద్యుత్ క్షేత్రంలో నడిపించింది. మామూలు హిమోగ్లోబిన్ ఒక తీరుగా, రోగులది మరో తీరుగా కదిలింది. ఆ తండ్రిలాంటి వాహకుల రక్తంలో రెండూ ఉన్నాయి. ఇదే ఎలక్ట్రోఫోరెసిస్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులూ వస్తేనే జబ్బని అదే ఏడాది జేమ్స్ నీల్ చెప్పాడు.

1952లో లేమన్, కట్‌బుష్ నీలగిరి ఆదివాసుల్లో ఈ లక్షణాన్ని కనుగొన్నారు. మన పూర్వీకులు ఎక్కడివాళ్లన్న చర్చకు ఆ ఫలితాలను వాడారు. మన వైద్యం మాట చాలా ఆలస్యంగా వచ్చింది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది 2023 జూలైలో.

ఇప్పుడు ఊళ్లలో ముందుగా చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. రక్తంలో మందు కలిపితే కొడవలి హిమోగ్లోబిన్ కరగక ద్రవం మబ్బుగా మారుతుంది, గొట్టం వెనక గీతలు కనబడవు. చౌక, తేలిక. అయితే మబ్బు కమ్మితే వాహకులా, రోగా అన్నది అది చెప్పదు. అందుకు ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయాల్సిందే. నెలల పసిబిడ్డల్లో ఇంకా పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువ కాబట్టి ఆ మబ్బు పరీక్షను అసలు నమ్మకూడదు.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో నేను చూశాను. మా బడి పిల్ల ఒకతె “పాజిటివ్” అని రాసిన చీటీ పట్టుకొచ్చి, “సార్, నేను బతకనా?” అని అడిగింది. రెండో పరీక్ష రాయించలేదు, ఎవరూ వివరించలేదు. వాళ్ల నాన్న, నేను బస్సెక్కించి పట్నం తీసుకెళ్లాం. కాగితం మీద “ఏ”, “ఎస్” రెండూ ఉన్నాయి. వాహకురాలు, జబ్బు లేదు. తిరుగు బస్సులో ఆ పిల్ల అడిగింది, “మరి తమ్ముడికి ఎప్పుడు చేయిస్తారు సార్?”