అంతరాయాల నిర్వహణ: చారిత్రక నేపథ్యం

మీరు నాదెండ్లలో బస్సు కోసం నిలబడి ఫోన్‌లో పాట వింటున్నారు. కాల్ వస్తుంది, పాట ఆగుతుంది. మాట్లాడాక ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. ప్రాసెసర్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. బయటి పరికరం పిలిస్తే ఇంటరప్ట్. నడుస్తున్న ఆదేశం వల్లనే పుడితే ట్రాప్.

ట్రాప్‌కు తొలి ఉదాహరణల్లో ఒకటి 1951 నాటి యూనివాక్-1. లెక్క ఫలితం రిజిస్టర్‌లో పట్టకపోతే యంత్రం సవరణ ఆదేశాల చోటికి మళ్లేది. 1954లో డైసియాక్ ఇదే సదుపాయాన్ని ఇన్‌పుట్, అవుట్‌పుట్ పరికరాలకు వాడింది.

అసలు చిక్కు ప్రోగ్రామర్‌ది. 1950ల చివర నెదర్లాండ్స్‌లో ఎక్స్-1 యంత్రానికి ఇంటరప్ట్ పెడదామని సహచరులు అన్నప్పుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా హడలిపోయాడు. అది ఎప్పుడు వస్తుందో తెలియదు. కాబట్టి ఒకసారి జరిగిన తప్పు మళ్లీ పరీక్షిస్తే కనిపించకపోవచ్చు. కనిపించని తప్పును దిద్దేదెలా? (డీబగ్గింగ్ చేసిన మీకు ఈ భయం కొత్త కాదు.) కొన్ని నెలలు అడ్డుపడి, చివరికి ఆ ప్రోగ్రామ్ తానే రాశాడు. 1959లో అతని డాక్టరేట్ గ్రంథానికి అదే విషయమైంది. కిటుకు ఒక్కటే: రిజిస్టర్లను, ఆగిన చిరునామాను భద్రపరచాలి, పని ముగించి, వాటిని యథాతథంగా తిరిగి నింపాలి. ఒక్క రిజిస్టర్ మరచినా, ఏ పాపం ఎరుగని ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇస్తుంది.

మన దగ్గర, ఎ.ఎస్. రావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ఈసీఐఎల్ టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. పరిశ్రమల నియంత్రణ వంటి పనుల్లో ఉష్ణోగ్రత హద్దు దాటిందన్న సంకేతం తన వంతు కోసం వేచి ఉండలేదు. అందుకే నేటి కెర్నెల్ కూడా ఇంటరప్ట్ వచ్చిన క్షణాన అత్యవసరమైనంతే చేసి, మిగతాది తర్వాతకు వాయిదా వేస్తుంది.