డిసెంబరు 15: ఒకే తేదీ, ఇరువురు మహనీయులు

గోడమీది క్యాలెండరులో ఎఱ్ఱసిరాతో అచ్చుపడిన తేదీలను ఉద్యోగులమగు మనము సంవత్సరారంభముననే లెక్కించుకొందుము. డిసెంబరు 15 ఆ లెక్కలోనికి రాదు. అది నల్లసిరా తేదీ. ఆనాడు కార్యాలయములు తెఱచియే యుండును, ఫైళ్లు కదలుచునే యుండును. కాని భారతదేశ చరిత్రలో ఆ తేదీ రెండుమార్లు శోకదినమైనది.

1950వ సంవత్సరమున ఆ దినము ఉదయము సర్దార్ వల్లభభాయి పటేలుగారు బొంబాయిలో కన్నుమూసిరి. సరిగా రెండేండ్లకు, 1952లో అదే తేదీ రాత్రి, మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు ప్రాణములు విడిచిరి. ఒకరు దేశమును ఒక్కటిగా కూర్చినవారు; వేరొకరు తెలుగువారికి వేఱు రాష్ట్రము కావలెనని కోరినవారు. ఈ ఇరువురి ఆశయములును పరస్పర విరుద్ధములా? కేంద్రప్రభుత్వ కొలువులో నుండి, ఇంట తెలుగును నిలుపుకొనుచున్న మనము ఈ ప్రశ్న వేసికొనక తప్పదు.

పటేలుగారు 1875 అక్టోబరు 31వ తేదీన గుజరాతులోని నడియాదులో జన్మించిరి. స్వాతంత్ర్యము వచ్చునాటికి దేశమున 560కి పైగా సంస్థానములుండెను. వి. పి. మేనన్‌గారి తోడ్పాటుతో వానిని భారత యూనియనులో విలీనము గావించిన ఘనత పటేలుగారిది. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసుచర్య పిమ్మట హైదరాబాదు సంస్థానము కూడ యూనియనులో చేరెను. ఉద్యోగవర్గమునకు వారితో వేరొక బంధము కలదు. 1947 ఏప్రిల్ 21వ తేదీన ఢిల్లీలోని మెట్కాఫ్ భవనమున, శిక్షణలోనున్న నూతన పరిపాలనాధికారుల నుద్దేశించి వారు ప్రసంగించిరి. ఆ తేదీనే నేడు సివిల్ సర్వీసుల దినముగా జరుపుచున్నారు.

శ్రీరాములుగారు 1901 మార్చి 16వ తేదీన మద్రాసులో జన్మించిరి. బొంబాయిలో పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో సుమారు నాలుగేండ్లు పనిచేసిరి. మనవలెనే నెలజీతముపై కాపురము నడపిన గృహస్థు. భార్యను, బిడ్డను కోల్పోయిన పిదప ఉద్యోగము విడిచి గాంధీజీ సబర్మతి ఆశ్రమమున చేరిరి. ఉప్పు సత్యాగ్రహమున కారాగార మనుభవించిరి. 1946లో నెల్లూరు వేణుగోపాలస్వామి ఆలయమున దళితులకు ప్రవేశము కల్పింపవలెనని నిరాహారదీక్ష పూనిరి. రాష్ట్రమునకై ఉపవసించుటకు పూర్వమే, తోటిమానవుని గౌరవమునకై ఉపవసించినవారని మనము మఱవరాదు.

ఇక రాష్ట్రసమస్య. 1948 జూనులో నియమితమైన ధార్ కమిషను, కేవలము భాష ప్రాతిపదికగా రాష్ట్రములు వలదని ఆ డిసెంబరులోనే నివేదించెను. పిమ్మట కాంగ్రెసు నియమించిన సంఘమున జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సీతారామయ్యగారలు సభ్యులు. వారి పేళ్ల తొలి అక్షరములను బట్టి దానికి జె. వి. పి. సంఘమని పేరు వచ్చినది. దేశవిభజన గాయము ఇంకను మానలేదు. ఐక్యతయు భద్రతయు ముందు, భాషారాష్ట్రములు తరువాత అని 1949 ఏప్రిలులో ఆ సంఘము తలంచెను. అయినను ద్వారము పూర్తిగా మూయలేదు. మద్రాసు నగరముపై హక్కు విడిచినచో ఆంధ్రరాష్ట్ర విషయమును ముందుగా చేపట్టవచ్చునని ఆ నివేదికలోనే యున్నది. అనగా పటేలుగారును తెలుగువారి కోరికను అన్యాయమనలేదు, కాలము కాదనిరి.

కాని కాలము గడచుచుండెను, పని జరుగకుండెను. 1952 అక్టోబరు 19వ తేదీన శ్రీరాములుగారు మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి గృహమున ఆమరణ నిరాహారదీక్ష ప్రారంభించిరి. 58వ దినమున దీక్షతోపాటు జీవితమును ముగిసెను. ఆంధ్రదేశము భగ్గుమనెను, పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర స్థాపనను ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశంగారు ముఖ్యమంత్రిగా రాష్ట్రము వెలసెను. మద్రాసు మాత్రము దానిలో చేరలేదు.

మరణించిన నాలుగు దినములకు ఈయగలిగిన మాటను నాలుగు దినములు ముందు ఈయలేకపోయిరి. ఫైళ్ల నడుమ బ్రతుకు మనకు ఇంతకుమించిన పాఠము లేదు. న్యాయమైన అర్జీకి ఆలస్యముగా వచ్చిన ఉత్తరువు, అర్జీదారుని బ్రతికింపజాలదు.

పటేలుగారి భయము అకారణము కాదు. 1950 నాటి దేశమునకు ముక్కలగు ప్రమాదము కన్నులయెదుటనే యుండెను. అయితే అనుభవము వేరొక సత్యమును చూపినది. 1956 నవంబరు 1న దేశము 14 రాష్ట్రములుగా, 6 కేంద్రపాలిత ప్రాంతములుగా పునర్వ్యవస్థీకృతమైనది, ఐక్యత చెడలేదు. తన భాషలో ఏలబడు ప్రజ దేశమునకు దూరము కాలేదు, దగ్గరైనది. ఒకరు గోడలు నిలిపిరి. వేరొకరు ఆ ఇంట తనవారికొక గది కావలెననిరి. గది కోరినవాడు ఇల్లు కూల్చువాడు కాడు.

ఈ తేదీకి ఒక సంతోషమును కలదు. 1933 డిసెంబరు 15న నరసాపురములో చిత్రకారుడు బాపు జన్మించిరి. తెలుగువారి ముఖములకు, తెలుగు అక్షరమునకు క్రొత్త సొగసు నొసగిన ఆయన తన జీవితమధికభాగము మద్రాసులోనే గడపి, 2014లో అచ్చటనే కన్నుమూసిరి. మనకు దక్కని నగరమున మన భాష అట్లు వెలిగినది. ఆ 2014లోనే జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైనది. నేడు తెలుగువారికి రాష్ట్రములు రెండు, భాష ఒక్కటి. సరిహద్దు పరిపాలనకు అవసరము, భాష దానిని దాటి బ్రతుకును. స్వరాష్ట్రమునకు దూరముగా బ్రతుకు మనమే దీనికి సాక్షులము.

కావున రానున్న డిసెంబరు 15న కార్యాలయమునుండి ఇల్లు చేరిన పిమ్మట మన పిల్లలను చేరబిలిచి ఆ ఇరువురి కథయు తెలుగులో చెప్పుదము. ఒకరి పేరు చెప్పి వేరొకరిని విడువకుందము. నల్లసిరా తేదీకి మనము చేయగల మర్యాద అదియే.