మన ఇంటి చాపల చట్టి: పాలారు ఒడ్డు తెలుగువాళ్ళు మరిచిన వంట, మళ్ళీ నేర్చుకోవలసిన వంట

అణైకట్టు, గుడియాత్తం, వేలూరు వైపు స్థిరపడిన మన ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "మనది చాపలు తినే వంశం కాదు, అది సముద్రం ఒడ్డు వాళ్ళ అలవాటు" అని. ఆదివారం కోడి, పండగకు పొట్టేలు. చేప అంటే ఎప్పుడో హోటల్లో తిన్న వంజరం వేపుడు ముక్క. పిల్లలు ముల్లు భయంతో పళ్ళెం పక్కకు నెట్టేస్తారు. తీరా నలభై దాటాక డాక్టరు "మటన్ తగ్గించండి, చేప తినండి" అంటే, ఇంట్లో చేప వండడం వచ్చినవాళ్ళే కనబడరు.

శాకాహారులైన ఇళ్ళ సంగతి వేరు. మాంసం తినే మన కుటుంబాల మటుకు చూస్తే, ఈ మాట నిజం కాదు. మన పెద్దలు చేపలు తిన్నారు. చెరువు చేప తిన్నారు, ఎండు చేప తిన్నారు. ఏట్లో నీళ్ళు తగ్గిన కొద్దీ చట్టిలోంచి చేప జారిపోయింది. రెండు తరాలు గడిచేసరికి ఆ లేకపోవడాన్నే మన ఆచారం అనుకున్నాం. అదెలా జరిగిందో కాస్త చూద్దాం.

ఊరి పేరులోనే నీళ్ళు

అణైకట్టు అంటే తమిళంలో నీటికి కట్టిన అడ్డుకట్ట. మన తెలుగులో ఆనకట్ట. ఇంగ్లీషు ఇంజనీర్లు ఆ మాటనే "ఆనికట్" అని తమ పుస్తకాల్లో రాసుకున్నారు. ఇటు జవ్వాది కొండల దిగువ, అటు పాలారు. పాలారు నంది కొండల వైపు పుట్టి, కోలారు, కుప్పం సీమల మీదుగా వాణియంబాడి దగ్గరికి వస్తుంది. గుడియాత్తం పక్కన పారే కౌండిన్య నది పలమనేరు అడవుల వైపు నుంచి దిగుతుంది. చిత్తూరు మీదుగా వచ్చే నీవా నది పొన్నై పేరుతో పాలారులో కలుస్తుంది. నీళ్ళు వచ్చిన దారి చూస్తే మనం వచ్చిన దారీ చాలావరకు అదే.

విజయనగర కాలంలో నాయకుల వెంట, సైన్యాల వెంట, మగ్గాల వెంట తెలుగువాళ్ళు ఈ సీమకు వచ్చారు. వేలూరు కోట కట్టింది 16వ శతాబ్దంలో. ఆరవీటి రాజుల చివరి కాలంలో వేలూరు రాజధానిగా కూడా ఉంది. ఆ తర్వాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో తెలుగు, తమిళం పక్కపక్కనే బతికాయి. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయింది. గీత అటు పడితే ఆంధ్ర, ఇటు పడితే తమిళనాడు. చెరువులు మాత్రం రెండు వైపులా ఒకే రకం. వానకాలంలో నిండేవి, ఎండాకాలానికి ఇంకేవి. నీళ్ళు మోకాలి లోతుకు దిగేసరికి ఊరు ఊరంతా గంపలు, వలలు పట్టుకుని చెరువులోకి దిగేది. కొర్రమీను, జెల్ల, వాలుగ, పరిగెలు ఆ కొద్ది వారాలూ ఇంటింటికీ దొరికేవి. మనకు చేప ఏడాది పొడుగునా తినే తిండి కాదు. అది మామిడికాయలాగా ఋతువు తిండి.

రాజు గారి మామిడికాయ, పేదవాడి కరవాడు

మామిడికాయ అనగానే శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద గుర్తుకొస్తుంది. ఎండాకాలాన్ని వర్ణిస్తూ ఆయన, మామిడికాయ ముక్కలు వేసి వండిన చేపల కూర గురించీ, తిన్న తర్వాత తడి ఇసుకలో పాతిపెట్టి చల్లబరిచిన కొబ్బరి బొండాం గురించీ చెబుతాడు. అంటే 500 ఏళ్ళ క్రితమే తెలుగు కావ్యంలో చేపల పులుసు ఉంది. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు, కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో రాసిన మానసోల్లాసంలో చేపల రకాలు, వాటిని పట్టే తీరు, వండే తీరు కూడా చోటుచేసుకున్నాయి. దక్కన్ లోతట్టు భూముల్లో చేప తెలియదు అనడానికి వీల్లేదు.

అది రాజుల పళ్ళెం. మన అవ్వల పళ్ళెంలో రాగి సంగటి, అంబలి, పక్కన ఎండు చేప. దాన్ని ఈ వైపు తెలుగులో కరవాడు అంటాం. తమిళంలో కరువాడు. ఐసు లేని రోజుల్లో సముద్రం చేప పచ్చిగా ఇంత దూరం రావడం కష్టం. ఉప్పు పట్టి, ఎండలో ఎండిన చేప మాత్రం సంతల్లో గోనెసంచుల్లో కూర్చుని ఎదురుచూసేది. ఇప్పటికీ ఆడి నెలలో అమ్మవారికి కూళ్ పోసేటప్పుడు ఈ సీమ ఊళ్ళలో కరవాడు పులుసు చేస్తారు. అటు తెలంగాణలో మృగశిర కార్తె వస్తే చేప తినాలంటారు. మనకు ఆ కార్తె మాట అంతగా వినబడదు. కానీ అంబలి పక్కన కరవాడు పెట్టుకోవడం కూడా అలాంటి గుర్తే.

అణైకట్టు మండలం ఎలవంబాడి ముళ్ళ వంకాయ సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2023లో వేలూరు ముళ్ళ వంకాయ పేరుతో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ వంకాయ, కరవాడు, చింతపులుసు కలిసిన చట్టి ఈ ఊరి తెలుగు, తమిళ ఇళ్ళు రెండింటిదీ.

చట్టి ఎందుకు ఖాళీ అయింది

ఆనకట్టలకూ చేపలకూ పాత గొడవ ఉంది. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఆయన మన దేశపు చేపల మీద జీవితమంతా పనిచేశాడు. మంచినీటి చేపల మీద 1873లో ఇచ్చిన నివేదికలో, ఏటికి అడ్డంగా కట్టే కట్టలు గుడ్లు పెట్టడానికి పైకి ఎక్కే చేపలను ఆపేస్తున్నాయని హెచ్చరించాడు. పాలారుకు వాలాజా దగ్గర 1850ల్లో ఆనకట్ట కట్టారు. దానివల్ల చెరువులకు నీళ్ళు వచ్చాయి, పంటలు పండాయి. అది కాదనలేం. ఏటి చేపకు మాత్రం దారి తెగింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట వైపు తోళ్ళ పరిశ్రమ పెరిగి, ఆ మురుగు పాలారులో కలిసింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటికీ తెలిసినది. పాడు చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశ న్యాయంలో గట్టిగా నిలబడింది ఆ తీర్పుతోనే. మన ఏరు చెడిపోవడం వల్ల దేశానికి ఒక మంచి సూత్రం దొరికింది. మన చట్టికి చేప మాత్రం తిరిగి రాలేదు. తోడుగా ఇసుక తవ్వకం, పూడిపోయిన కాలువలు, బోరుబావులు. 2021 నవంబరులో పాలారు ఒడ్లు ఒరుసుకుని పారినప్పుడు, ఇంత నీటిని ఎన్నడూ చూడని పిల్లలు వంతెనల మీద నిలబడి చూశారు.

మనలాగే వలస వచ్చిన చేప

ఏటి చేప పోయాక చెరువుల్లోకి కొత్త చేపలు వచ్చాయి. 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా తిలాపియా ఈ వైపు చెరువులన్నిట్లో నిండిపోయింది. మనం "జిలేబి" అంటున్నది దాన్నే. అది దేశవాళీ చేపల గుడ్లు, పిల్లలు కూడా తినేస్తుంది.

బొచ్చె కథ ఇంకా బాగుంటుంది. తమిళంలో కట్లా అంటున్న బొచ్చె కావేరి సీమది కాదు. దాని సొంత ఊళ్ళు గోదావరి, కృష్ణ, ఆపైన గంగ. మద్రాసు ప్రభుత్వపు చేపల శాఖ కాలంలో గోదావరి నుంచి పిల్లలను తెచ్చి దక్షిణాన వదిలారు. అంటే అదీ మనలాగే తెలుగునేల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిందే! 1957 జులై 10న ఒరిస్సాలో హీరాలాల్ చౌధురి బృందం సూదిమందుతో పెంపకపు చేపల చేత గుడ్లు పెట్టించింది. అప్పటి నుంచి బొచ్చె, రోహు పిల్లల కోసం ఏటి వరదను నమ్ముకోవలసిన పని లేకపోయింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల పెంపకం పెరిగాక, ఆంధ్ర చేప ఐసు పెట్టెల్లో దేశమంతా తిరుగుతోంది. వేలూరు మీన్ మార్కెట్లో ఇప్పుడు చెరువు చేపా దొరుకుతుంది, సముద్రం చేపా దొరుకుతుంది. చేప లేదన్న సాకు ఇక చెల్లదు. మిగిలింది వండడం, తినడం.

ఒంటికి ఏమిటి మేలు

చేపలో మాంసకృత్తులు తేలిగ్గా అరుగుతాయి. వేటమాంసంలో ఉండే గట్టి కొవ్వు ఇందులో తక్కువ. గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు ముఖ్యంగా సముద్రపు నూనె చేపల్లో ఉంటుంది. కవళ్ళు, కానాగంతలు ఆ జాతివి. ఖరీదైన వంజరం కంటే చవకైన కవళ్ళే ఈ విషయంలో మిన్న. చెరువు చేపలో ఆ కొవ్వు తక్కువే అయినా మాంసకృత్తులకు లోటు లేదు. మెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తింటే సున్నం కూడా అందుతుంది. వారానికి రెండు సార్లు చేప తినమని అమెరికా హృద్రోగ సంఘం చెబుతోంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. మునిగేంత నూనెలో వేయిస్తే మేలు తగ్గుతుంది. పులుసు మేలు. కరవాడులో ఉప్పు ఎక్కువ కాబట్టి రక్తపోటు ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకసారి, అదీ వేడినీళ్ళలో బాగా కడిగి తినాలి. బాలింతకు పాలు పడతాయని సొర పుట్టు పెట్టడం తమిళ ఇళ్ళ నుంచి మనకూ అలవాటైంది. కానీ సొరలాంటి పెద్ద వేటచేపల్లో పాదరసం పేరుకుంటుంది కనుక గర్భిణులు, బాలింతలు వాటిని మానుకోవాలని ఇప్పటి వైద్యుల సలహా. వాళ్ళకు చిన్న చేపలే మంచివి.

మొదలుపెట్టడం ఎలా

ముల్లు భయం ఉన్న ఇంట్లో కొర్రమీనుతో మొదలుపెట్టండి. ముళ్ళు తక్కువ, ముక్క గట్టిగా నిలుస్తుంది. తర్వాత బొచ్చె, ఆ తర్వాత కవళ్ళు, మెత్తళ్ళు. కొనేటప్పుడు చెవుల కింద ఎర్రగా ఉందా, కన్ను మెరుస్తోందా, వేలితో నొక్కితే గుంట పడకుండా పైకి లేస్తోందా చూడండి. ఇంటికి తెచ్చాక రాతి ఉప్పు, పసుపు వేసి రుద్ది రెండు మూడు సార్లు కడిగితే నీచు పోతుంది. కొర్రమీనుకు జిగురెక్కువ కాబట్టి మన అవ్వలు బూడిద రుద్ది, గరుకు రాయి మీద తోమేవాళ్ళు.

అరకిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. మట్టి చట్టిలో నువ్వుల నూనె గానీ చెనిక్కాయ నూనె గానీ కాగాక, మెంతులు, కరివేపాకు, చిన్న ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు వేసి వేయించండి. టమాటా మగ్గాక పసుపు, కారం, ధనియాల పొడి, ఉప్పు వేసి, చింతపులుసు పోసి, పచ్చివాసన పోయి నూనె తేలేదాకా బాగా మరగనివ్వండి. చేప ముక్కలు చివర్లోనే వేయాలి. మామిడికాయల కాలమైతే చింతపండు సగం తగ్గించి, రెండు ముక్కలు వేయండి. చేప పడ్డాక గరిటె పెట్టకూడదు. చట్టి చెవులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. సన్న సెగ మీద ఎనిమిది పది నిమిషాలు చాలు. ఆ పూట కంటే మరునాటి పొద్దున సంగటిలోకి ఇంకా బాగుంటుంది.

పిల్లలకు ముల్లు తీయడం వేళ్ళతో నేర్పాలి. నడి ముల్లు ఎక్కడుందో, పక్క ముళ్ళు ఎటు వంగి ఉంటాయో ఒకసారి చూపిస్తే వాళ్ళే తీసుకుంటారు. పక్కన కూర్చుని తినిపించే పెద్దవాళ్ళు ఉంటే ఇది ఒక నెల పని.

పేర్లు కూడా పోకుండా

వంటతో పాటు మాట కూడా పోయింది. మార్కెట్లో మనం అడిగేవన్నీ తమిళ పేర్లే. అందులో తప్పేమీ లేదు, ఆ పేర్లు తెలియకపోతే బేరం చేయలేం. కానీ ఇంట్లో మన పేర్లు కూడా వినబడాలి. విరాల్ అంటే మన కొర్రమీను. కెళుత్తి అంటే జెల్ల. వాళై అంటే వాలుగ. నెత్తిలి అంటే మెత్తళ్ళు, మత్తి అంటే కవళ్ళు, వవ్వాల్ అంటే చందువ, కొడువా అంటే పండుగప్ప, ఇరాల్ అంటే రొయ్య. వంజరం రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే. సొర, సురా అక్కచెల్లెళ్ళు. తమిళుల "మీన్" మన కొర్రమీనులోనే ఉంది చూడండి.

మీ ఇంట్లో డెబ్బై దాటిన అవ్వ, తాత ఉంటే, ఏ చెరువులో ఏ చేప దొరికేదో, దాన్ని ఏమని పిలిచేవాళ్ళో, ఎలా వండేవాళ్ళో ఈ వారమే అడిగి రాసి పెట్టుకోండి. చెరువు పేరు, చేప పేరు, వంట పద్ధతి, ఈ మూడూ చాలు. తమిళనాడులోని ఇతర ఊళ్ళలో, బెంగుళూరులో, ఇంకా దూరాన ఉన్న మన బంధువులు కూడా వాళ్ళ వైపు పేర్లు కలిపితే, అందరి పిల్లలకూ పనికొచ్చే పట్టిక ఒకటి తయారవుతుంది. ఆదివారం మాత్రం ఒక అరకిలో కొర్రమీను తెచ్చి చట్టి పొయ్యి మీద పెట్టండి.