చెవితో ఆడిన ఆట

మొన్న సంక్రాంతి సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి హనుమకొండ వచ్చాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచి కౌంటర్ స్ట్రైక్ 2 మొదలుపెట్టాడు. వెనక కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. డస్ట్ టూ మ్యాపు. వాడు బాంబు పెట్టే బి సైటు తలుపుల పక్కన నక్కి ఉన్నాడు. తలుపు అవతల ఎవడో తుపాకీకి మ్యాగజైన్ మార్చిన చప్పుడు నా దాకా వినిపించింది. మావాడు తెర మూలన ఉన్న రాడార్ వైపు ఓసారి చూసి, పరుగున బయటికి వెళ్లి చచ్చిపోయాడు.

"రాడార్ల ఎవ్వడు లేడు మామా, ఎట్ల కొట్టిండు?"

"తలుపు అవతల గోలీలు నింపుకున్నడు గదరా, వినలేదా?"

"వినొచ్చింది గని, రాడార్ల లేడు గదా అనుకున్న."

ఆ జవాబు దగ్గర ఆగిపోయాను. చెవి చెప్పింది వాడికి అందింది. కానీ చెవిని నమ్మే అలవాటు వాడికి లేదు. మాకు ఆ అలవాటు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

కౌంటర్ స్ట్రైక్ పెద్ద కంపెనీలో పుట్టిన ఆట కాదు. కెనడాలో చదువుకుంటున్న మిన్ లీ, అమెరికాకు చెందిన జెస్ క్లిఫ్ కలిసి, హాఫ్ లైఫ్ అనే ఆట మీద అదనపు హంగుగా దాన్ని తయారుచేసి 1999 జూన్‌లో ఉచితంగా వదిలారు. జనం ఎగబడడం చూసి హాఫ్ లైఫ్ యజమాని వాల్వ్ దాన్ని తీసుకుని 2000 నవంబరులో దుకాణాల్లోకి తెచ్చింది. ఇప్పటికీ అందరూ ఆడే డస్ట్ టూ మ్యాపును డేవ్ జాన్‌స్టన్ 2001లో గీశాడు. మేమంతా ఆడిన 1.6 వెర్షన్ 2003 సెప్టెంబరులో వచ్చింది. దానికి 500 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 96 ఎంబీ ర్యామ్ ఉంటే చాలు. నెట్ సెంటర్లలోని పాత సిస్టంల మీద కూడా హాయిగా నడిచేది. ఇప్పటి కౌంటర్ స్ట్రైక్ 2కు 8 జీబీ ర్యామ్, డిస్కులో 85 జీబీ జాగా కావాలి.

డిగ్రీ చదివే రోజుల్లో, 2004 నుంచి మూడేళ్లు, నయీంనగర్‌లో ఒక నెట్ సెంటర్ కౌంటరులో సాయంత్రాలు కూర్చునేవాణ్ని. పది సిస్టంలు, గంటకు పదిహేను రూపాయలు. పగలంతా పరీక్షా ఫలితాలు, రైలు టికెట్లు, ఈమెయిళ్లు. ఏడు దాటితే హాస్టల్ కుర్రాళ్లు దిగేవారు. నేను ఒక సిస్టం మీద సర్వర్ పెట్టి ఐపీ నంబరు గట్టిగా చదివితే, పదిమందీ ఆ నంబరు కొట్టి ఆటలోకి వచ్చేవారు. బాంబు పెట్టే అయిదుగురు టెర్రరిస్టులు, వాళ్లను ఆపే అయిదుగురు కౌంటర్ టెర్రరిస్టులు.

ఆ ఆట మనకు చెప్పేది చాలా తక్కువ. రాడార్ ఉండేది గానీ అందులో మ్యాపు గీతలు ఉండేవి కావు, శత్రువు చుక్క అసలే ఉండదు. మన జట్టువాళ్ల చుక్కలు మాత్రమే. ఎవడి దగ్గర ఎంత డబ్బుందో స్కోరు పట్టికలో కనిపించదు, నోరు తెరిచి అడగాల్సిందే. మెనూలో తుపాకుల అసలు పేర్లు కూడా ఉండవు, ఏకే-47ను సీవీ-47 అని రాసేవారు. మాకు పేరుతో పనిలేదు. బి, 4, 2 అని వేళ్లు వాటంతటవే నొక్కేసేవి. తుపాకీ కొంటే సరిపోదు, గోలీలు వేరుగా కొనాలి. తొందరలో మరిచిపోయినవాడు మొదటి మ్యాగజైన్ అయిపోగానే పిస్తోలు పట్టుకుని నిలబడేవాడు. కొన్నది వెనక్కి ఇచ్చే వీలు లేదు.

అందుకే ప్రతి రౌండూ లెక్కలతో మొదలయ్యేది. ఆట 800 డాలర్లతో మొదలు, ఎంత గెలిచినా 16,000 దాటదు. ఏకే 2,500, స్నైపర్ తుపాకీ ఏడబ్ల్యూపీ 4,750. రౌండు ఓడిన జట్టుకు మనిషికి 1,400 వస్తుంది. వరసగా ఓడుతుంటే అది అయిదేసి వందలు పెరుగుతూ 3,400 దాకా పోతుంది. ఇది తెలిసినవాడు తన జేబునే కాదు, ఎదుటివాడి జేబునూ లెక్కపెట్టేవాడు. "ఈసారి వాళ్ల దగ్గర పిస్తోళ్లే ఉంటయ్, దగ్గరికి రానియ్యకుండ్రి" అని ఒకడు అనేవాడు. "నా దగ్గర అయిదు వేలున్నయ్, ఎవనికి గావాలె?" అని ఇంకొకడు. వాడు ఏకే కొని కింద పడేస్తే డబ్బులేనివాడు ఎత్తుకునేవాడు. తానొక్కడే గొప్ప తుపాకీ కొనుక్కుని తోటివాళ్లను పిస్తోళ్లతో వదిలేసేవాణ్ని మర్నాడు జట్టులో చేర్చుకునేవారు కాదు.

అన్నిటికంటే ముఖ్యం వినడం. మా సెంటర్లో పది సిస్టంలకు నాలుగే హెడ్‌సెట్లు పనిచేసేవి. జట్టుకు రెండు. అవి గురి బాగా ఉన్నవాళ్లకు కాదు, బాగా వినేవాళ్లకు ఇచ్చేవారు. మూడో నంబరు సిస్టం దగ్గర ఒక కుర్రాడు కూర్చునేవాడు. గురిలో చాలా మామూలు. కానీ హెడ్‌సెట్ పెట్టుకున్నాడంటే జట్టంతటికీ అతనే చెవి. ఆ ఆటలో మట్టి మీద అడుగు ఒకలా మోగుతుంది, ఇనుప రేకు మీద ఇంకోలా. న్యూక్ మ్యాపులో గాలిగొట్టంలోకి ఎవడైనా దూరితే ఆ రేకు మోత వేరే. కళ్లు సగం మూసుకుని "వెంట్ల ఒకడు, నిచ్చెన మీద ఇంకొకడు" అనేవాడు. మిగతా నలుగురూ ఆ మాట పట్టుకుని తిరిగేవారు. అతను వినాలంటే మేం చప్పుడు చెయ్యకూడదు. అందుకని ఐదుగురం షిఫ్ట్ మీట మీద చిటికెన వేలు ఉంచి నడిచేవాళ్లం. షిఫ్ట్ నొక్కి నడిస్తే అడుగు వినపడదు.

గోడ మీద యజమాని స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన కాగితం ఒకటి ఉండేది: "చచ్చినోడు మాట్లాడొద్దు." చనిపోయినవాడికి తెర మీద ఇంకా ఆట కనిపిస్తుంది. ఒకే గదిలో కూర్చున్నాం కాబట్టి శత్రువు ఎక్కడున్నాడో వాడు అరిచి చెప్పగలడు. అలా చెప్తే ఆట చెడిపోతుంది. అందుకే చచ్చినవాడు లేచి నీళ్లకుండ దగ్గరికి పోవాలి. ఒక్కడే మిగిలినప్పుడు గదంతా నిశ్శబ్దం. ఫ్యాను తిరిగే చప్పుడు, బాంబు బీప్. బీప్ వేగం పెరిగేకొద్దీ మా గుండెలు కూడా అలాగే కొట్టుకునేవి. అవతల ఎవడో బాంబు విప్పడం మొదలుపెట్టిన చప్పుడు వచ్చేది. కిట్ ఉంటే అయిదు సెకన్లు, లేకుంటే పది. నిజంగా విప్పుతున్నాడా, చప్పుడు మాత్రం వినిపించి మనల్ని బయటికి రప్పించాలని చూస్తున్నాడా? రెండో బీప్ దాకా ఆగాలా, ఇప్పుడే దూకాలా? ఆ చదువు మాకు ఏ కాలేజీలోనూ దొరకలేదు.

2012 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ కొత్త రూపం గ్లోబల్ అఫెన్సివ్ వచ్చింది. రాడార్‌లోకి మ్యాపు వచ్చింది, తోటివాడి కంటపడ్డ శత్రువు ఎర్రచుక్కగా కనిపించసాగాడు. గోలీలు తుపాకీతో పాటే రాసాగాయి. తోటివాళ్ల డబ్బు తెర మీద పడింది. 2023 సెప్టెంబరులో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2లో పొరపాటున కొన్నది వెనక్కి ఇచ్చేయవచ్చు కూడా. ఇవన్నీ మంచి సౌకర్యాలే. కొత్తగా నేర్చుకునేవాడికి చాలా మేలు. కానీ ఆట చెప్పడం మొదలుపెట్టాక మనిషి అడగడం మానేశాడు. డబ్బు తెర మీదే ఉంది కాబట్టి "నీకు ఎంత గావాలె?" అనే మాట పోయింది. ఎర్రచుక్క ఉంది కాబట్టి చెవి పని తగ్గింది.

ఆ పాత విద్యకు కొత్త ఆటలో విలువ లేదనుకుంటే పొరపాటే. గ్లోబల్ అఫెన్సివ్ వచ్చిన తొలినాళ్లలో స్వీడన్ జట్టు నింజాస్ ఇన్ పైజామాస్ ఒకేచోట కూర్చుని ఆడే పోటీల్లో వరసగా 87 మ్యాపులు గెలిచింది. అందులో క్రిస్టొఫర్ అలెసుండ్, పాట్రిక్ లిండ్‌బెర్గ్ 1.6లో రాటుదేలినవాళ్లు. అలెసుండ్‌కు పేరు తెచ్చింది జట్టుకు దూరంగా ఒంటరిగా, చప్పుడు లేకుండా నడిచి, అవతలివాళ్లు ఎప్పుడు వెనుదిరుగుతారో కనిపెట్టి దెబ్బతీయడం. దానికి కావలసిందీ మా మూడో నంబరు కుర్రాడి లాంటి చెవే.

మా మేనల్లుడి గురి నా గురి కంటే పదిరెట్లు మెరుగు. పొగ బాంబు ఎక్కడ నిలబడి ఏ కిటికీ మీదుగా విసిరితే ఎక్కడ పడుతుందో వాడికి కంఠతా వచ్చు. అవి మాకు రాలేదు. నేను వాణ్ని అడిగింది ఒక్కటే. రాడార్ మీద ఒక కాగితం ముక్క అంటించి అయిదు రౌండ్లు ఆడమన్నాను.

మొదటి రెండూ ఓడాడు. మూడో రౌండులో తోటివాణ్ని "భయ్యా, ఎక్కడున్నవ్?" అని అడిగాడు. నాలుగోదాంట్లో షిఫ్ట్ మీద వేలు పెట్టాడు. అయిదో రౌండులో అదే బి తలుపుల దగ్గర నిలబడి ఉండగా, నేనేదో చెప్పబోయాను. వాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండా ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"ఆగు మామా, విననియ్యి."

నేను నోరు మూసుకున్నాను.